నీళ్లు పోసే మనిషి

అత్తమ్మ తల అద్దానికి టక్కుమని తగిలింది. అర్సపల్లి దాటకముందే ఇది మూడోసారి. ఇట్లాగైతే బోధన్ చేరేసరికి ఎన్నిసార్లు తగులుతుందో లెక్కపెడదామనుకుని జ్యోతిరాణి అంతలోనే మానుకుంది, ఎందుకంటే లెక్కపెట్టాలంటే చూడాలి, చూడాలంటే గాజుగుడ్డతో దవడ బిగించి కట్టిన ఆ ముఖాన్ని, ముక్కుల్లో కుక్కిన దూదిని, ఆ దూది కొసల్లో నెమ్మదిగా ఊరుతున్న లేత పసుపు తడిని చూడాలి. కాబట్టి కిటికీలోంచి పసుపు బస్తాల లారీని చూసింది, లారీ వెనక రాసిన అక్షరాలు చదివింది, చదివినవేవీ బుర్రకెక్కలేదు, ముక్కుకు మాత్రం అన్నీ ఎక్కుతున్నాయి, ఫినాయిల్, మొగలి అగరొత్తి, కొత్త రెక్సిన్, వీటన్నిటి అడుగున ఓపిగ్గా కూర్చుని ఉన్న ఇంకో వాసన, ఆస్పత్రి నుంచి అత్తమ్మతో పాటే బండెక్కిన వాసన. ఇరవై రెండేళ్ల కాపురంలో ఈ బండి వెనక భాగంలో ఆమె కూర్చోవడం ఇదే మొదలు. బండి కొత్తగా వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టడానికి కూడా ముందు చక్రం దగ్గరే ఆగిపోయింది. ఇవాళ మాత్రం "అవ్వ పక్కన ఆడమనిషి ఉండాలె గద" అని మొగుడు రాజారాం వెనక తలుపు తెరిచి పట్టుకుంటే కాదనడానికి సాకు దొరకలేదు. సాకులు చెప్పడంలో తనకు మంచి పేరే ఉంది, సమయానికి ఒక్కటీ అక్కరకు రాలేదు. ఎక్కింది, శవముంచిన అద్దాల పెట్టెకు ఎంత దూరంగా కూర్చోవచ్చో అంత దూరంగా, అంటే సరిగ్గా జానెడు దూరంలో కూర్చుంది.

పెట్టె చుట్టూ నీలం లైట్ల తీగ వెలుగుతూ ఆరుతూ ఉంది. ఏ పెళ్లి బారాత్‌లోనో మిగిలిపోయిన తీగలాగా ఉంది. లోపల ఎర్ర మఖ్మల్ గుడ్డ, అద్దం అంచున ప్లాస్టిక్ బంతిపూల దండలు, ఎన్నటికీ వాడవు, ఆదివారం ఆదివారం సర్ఫు నీళ్లలో ముంచి తీస్తే మళ్లీ నవనవలాడతాయి, ఎంతమంది మీద నవనవలాడాయో వాటికే తెలియాలి. ముందు సీట్లో అన్నదమ్ములిద్దరూ. రాజారాం నడుపుతున్నాడు, మరిది రంజిత్ ఫోన్లో చుట్టాలందరికీ ఒకే వాక్యం ఒకే గొంతుతో చెబుతున్నాడు, ఒక్కో ఫోనుకూ మధ్యలో గుట్కా నములుతున్నాడు. వాళ్లకూ తనకూ నడుమ ఇనుప జాలీ. బండికి బయట రెండువైపులా పెద్ద బంగారు రంగు అక్షరాలు, 'రాజలింగు అండ్ సన్స్, అంతిమ సేవలు', దాని కింద 'మీ భారం మా భుజాలపై'. రాజలింగంటే మామ, పోయి పదకొండేళ్లు. సన్స్ అంటే ముందు సీట్లో వీళ్లిద్దరు. మామకంటే ముందు మామ తండ్రి. ఈ మూడు తరాల మగవాళ్ల భుజాల సంగతి బండి మీద రాసుంది, సరే, భుజాల దాకా రాకముందు మనిషిని కడిగి, తుడిచి, చీర చుట్టి, బొట్టు పెట్టి, చూసేవాళ్లు జడుసుకోకుండా తయారుచేసిన ఆడవాళ్ల చేతుల గురించి రాయడానికి బంగారు రంగు సరిపోలేదేమో. ఆ చేతులు ఇప్పుడు ఎర్ర మఖ్మల్ మీద ఉన్నాయి. ఎడమ చేతికి సెలైన్ సూది గుచ్చిన చోట అంటించిన ప్లాస్టర్ ఎవరూ పీకలేదు, దాని అంచున జిగురు నల్లగా మట్టి పట్టింది. ఆ నలుపును చూసి జ్యోతిరాణి మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

పొద్దున ఫోన్ వచ్చినప్పుడు రాజారాం ఆస్పత్రికి దగ్గరని ఉంటున్న నిజామాబాద్ ఇంటి పెరట్లో పళ్లు తోముకుంటున్నాడు. ఆస్పత్రిలో చేర్పించిన రోజు కాయితం మీద ఇంటివాళ్ల నంబరు రాయమంటే చేతికి అలవాటైన నంబరు, అంటే దుకాణం నంబరు రాసిచ్చాడు. ఆ నంబరుకు ఎవరు చేసినా ఒకే సంగతి చెప్పడానికి చేస్తారు, ఎత్తినవాళ్లు ఒకే జవాబు చెబుతారు. అవతల నర్సమ్మ "సార్, లేడీ పేషెంట్, హన్మవ్వ అని, ఇప్పుడే చనిపోయిండ్రు" అంది. ఈయన నోట్లో నురగను ఒక బుగ్గకు సర్దుకుని, "అయ్యో. సరే మేడం. ఎత్తు ఎంతుంటరు? ఒట్టి ఐస్ డబ్బానా, బండి గూడనా? నీళ్లు పోసే మనిషి కావాల్నంటే ఇప్పుడే చెప్పుండ్రి. అడ్రస్ వాట్సాప్‌ల పెట్టుండ్రి, అర్ధగంటల వస్తం" అన్నాడు. ఆ అయ్యో కూడా ఇరవై ఏళ్లుగా వాడి వాడి నున్నగా అరిగిన అయ్యో. ఫోన్ స్పీకర్లో ఉంది కాబట్టి అవతలి నిశ్శబ్దం వంటింట్లోకి కూడా వినిపించింది. ఆ తర్వాత నర్సమ్మ చిన్నగా, తప్పు తనదే అయినట్టు, "సార్... మీ అమ్మగారే కద సార్" అంది. రాజారాం నురగ ఉమ్మాడు. "ఆ. ఆ ఆ. వస్తున్న" అన్నాడు. అప్పుడు వంటింట్లో జ్యోతిరాణి ఏం చేసింది? ఏడ్చిందా? నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుని, గ్యాస్ బండ మీద చేయి ఆనించి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత వచ్చి "అత్తమ్మ పోయిందా" అని తెలియనట్టు అడిగింది. ఆయన ముఖం కడుక్కుంటూ, "ఐదడుగులు కూడ ఉండదు, చిన్న డబ్బా సరిపోతది" అన్నాడు. రోత ఇందులో ఎవరిని చూసి పడాలో, ఆయనను చూసా, తనను చూసా, ఇంకా తేలలేదు. బండి సారంగాపూర్ మలుపు తిరిగింది. తల మళ్లీ టక్కుమంది.

ఆమెకు సంబంధం తెచ్చిన పెద్దమనిషి 'ట్రాన్స్‌పోర్ట్' అని చెప్పాడు. భీమ్‌గల్‌లో వాళ్ల బాపు ముందు కాళ్లు ముడుచుక్కూర్చుని, ట్రాన్స్‌పోర్టే కాదు, బట్టల వ్యాపారం కూడా ఉంది, కలప కూడా ఉంది, నష్టమన్న మాట లేని బిజినెస్సు అన్నాడు. ఒక్క అబద్ధమూ ఆడలేదు ఆ మనిషి, అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి ఇప్పటికీ దారి దొరకదు. డిగ్రీలో ఎకనామిక్స్ చదివిన పిల్ల, గిరాకీకి ఎన్నడూ కొదవ ఉండని సరుకు ఏముంటుందబ్బా అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పెళ్లయిన నాలుగో రోజు తెల్లారి బోధన్ ఇంట్లో అత్తమ్మ వెనక తలుపులోంచి వచ్చింది, చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది, పెరట్లో పసుపు నీళ్లు నెత్తిన గుమ్మరించుకుంది, తల తుడుచుకుని, పొయ్యి ముందు కూర్చుని, జొన్నపిండి కలపడం మొదలుపెట్టింది. ఎక్కడికి పోయొచ్చినవు అత్తమ్మా అని కొత్త కోడలు ముచ్చటగా అడిగింది. "ఫ్యాక్టరీ క్వార్టర్ల ఒకామె పోయింది పిల్లా, కడిగెటోళ్లు లేరు, కడిగొచ్చిన" అంది అత్తమ్మ, కూరగాయలు కడిగొచ్చినట్టు. ఆ చేతులు పిండిని పిసుకుతున్నాయి. చల్లబడిన వేళ్లు కాబోలు, పిండి అంటుకోకుండా వస్తోంది. ఆ రోజు జ్యోతిరాణి శనివారం ఉపవాసం అంది. సోమవారం శివుడంది, మంగళవారం ఆంజనేయుడంది, గురువారం బాబా అంది, శుక్రవారం అమ్మవారంది, ఆదివారం సూర్యుడంది. అరటిపండ్లు, చాయ్‌తో బిస్కెట్లు తిని నెల గడిపింది. ఒకనాడు అత్తమ్మ గుమ్మంలో నిలబడి, "ఏ దేవున్ని ఇడిసిపెట్టినవే పిల్లా? బుధారం ఒక్కటే ఖాళీ ఉన్నట్టుంది" అని నవ్వి లోపలికి పోయింది.

ఆ మరునాటి నుంచి అత్తమ్మ పొయ్యి ముట్టలేదు. "నువ్వే వండు పిల్లా, నాకు పొగ వడ్తలేదు" అంది. వండడమే కాదు, వడ్డించడం మానేసింది, తొక్కు జాడీలో చేయి పెట్టడం మానేసింది, తన పళ్లెం తాను తెచ్చుకుని దూరంగా పట్టుకుని కూర్చునేది, కోడలు గరిటెతో పై నుంచి వేసేది. జ్యోతిరాణి పుట్టింటికి పోయి వాళ్ల అమ్మ దగ్గర ఏడ్చింది, నన్ను వంటమనిషిని చేసింది, కూర్చున్న చోటికి అన్నం రావాలె మహారాణికి అని. ఆ ఏడుపు పదేళ్లు ఏడ్చింది, చుట్టుపక్కాల ముందు కూడా ఏడ్చింది, విన్నవాళ్లంతా హన్మవ్వకు ఎంత గర్వమో అని బుగ్గన వేలేసుకున్నారు. తన రోతకు దడి కట్టడానికే ఆ మనిషి తన సొంత వంటింట్లోంచి బయటికి నడిచిందని జ్యోతిరాణికి ఎప్పుడు అర్థమైంది? ఒక రోజని లేదు, మెల్లగా అర్థమైంది, అర్థమయ్యాక మాత్రం ఏం చేసింది, పోనీ ఈ పూట నువ్వు వండు అత్తమ్మా, తింటా అని అన్నదా? అనలేదు. పదేళ్ల తర్వాత అంటే బాగుండదనుకుంది, పదిహేనేళ్ల తర్వాత అంటే ఇంకా బాగుండదనుకుంది. ఇప్పుడు అద్దం కింద ఆ వేళ్లు కొంచెం వంగి ఉన్నాయి, గోళ్లు నీలంగా ఉన్నాయి, లైట్ల వల్లనో నిజంగానో. వాటిని చూస్తే ఇప్పటికీ అదే, అదే జొన్నపిండి, గొంతులోకి అదే వెగటు. ఇరవై రెండేళ్లలో అరగని వస్తువు ఇంట్లో ఇదొక్కటే.

జానకంపేట దాటాక చెరుకు కనిపిస్తుందేమోనని అలవాటుగా చూసింది. అంతా వరి. కోసిన మళ్లు, తగలబెట్టిన మొదళ్లు, ఆ పొగ కూడా బండిలోకి వచ్చి మిగతా వాసనల పక్కన చోటు చేసుకుంది. చెరుకు ఉన్న కాలంలోనే ఈ ఇంటి పని మొదలైందట. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ సీజన్లో మరాఠ్వాడా నుంచి చెరుకు కొట్టడానికి బండ్లు కట్టుకుని వచ్చినవాళ్లు జ్వరమొచ్చో పాము కరిచో పోతే ఎత్తేవాళ్లు ఉండేవారు కాదు. మామ తండ్రి ఫ్యాక్టరీలో చెరుకు మోసే కూలీ, నాలుగు బొంగులు అడుక్కొచ్చి పాడె కట్టేవాడు, దాని మీద గడ్డికి బదులు చెరుకాకు పరిచేవాడు, ఏది చేతికందితే అది. ఆ ఆకు కోసుకుంటుంది, ఆయన చేతులు ఎప్పుడూ చీరుకుపోయి ఉండేవట. ఆయన పెళ్లాం ఆడవాళ్లకు నీళ్లు పోసేది. ఆమె తర్వాత కోడలు హన్మవ్వ. హన్మవ్వ తర్వాత? హన్మవ్వ తర్వాత గ్లౌజులు. రెండేళ్ల కింద రాజారాం ఏదో నర్సింగ్ హోంలో ఆయా పని మానేసిన సుకన్య అనే నలభై ఏళ్లావిడను పెట్టాడు, నీలం ఏప్రాన్, మాస్కు, మోచేతుల దాకా రబ్బరు. "ఇగ నువ్వు ఫికర్ పడకు, నీతోని ఎవ్వలు చేపియ్యరు" అన్నాడు. ఎంత సంతోషపడిందో ఆ రోజు, పాయసం వండింది. ఇంట్లో ఎవరికీ ఎందుకో తెలియలేదు. అత్తమ్మ మాత్రం గిన్నె కింద పెట్టి, "మంచిగున్నది పిల్లా" అని మళ్లీ వేయించుకుంది.

ఒకసారి ఎడపల్లి కాలువలో మూడు రోజులు నానిన ఆడమనిషిని బయటికి తీశారు. ఆమె అన్నదమ్ములు దస్తీలు ముక్కులకడ్డం పెట్టుకుని రోడ్డవతల నిలబడ్డారు. వదినలు ఇంకా దూరం. హన్మవ్వ ఒక్కతే బకీటు పట్టుకుని పరదా లోపలికి పోయింది, గంట తర్వాత బయటికి వచ్చి కాసేపు ఎటో మాయమై, మళ్లీ కనబడి, ఎవరూ అడగకముందే "ఇగ చూసుకోండ్రి, భయమేం లేదు" అంది. నిజంగానే భయం లేకుండా చేసింది, ఆ ముఖం చూసి తల్లి గుర్తుపట్టింది. "గామెకేందక్కా, అలవాటైపోయింది, రోత గీత ఉండది" అని పక్కన ఎవరో అన్నారు. జ్యోతిరాణి తలూపింది. కొందరికి దేవుడు ముక్కు పెట్టడం మర్చిపోతాడని, కడుపు ఇనుముతో చేస్తాడని, అలాంటివాళ్లకే ఈ పనులు అప్పగిస్తాడని అప్పటినుంచీ గట్టి నమ్మకం. ఆ నమ్మకం చాలా సుఖంగా ఉండేది. అత్తమ్మకు ఇనుప కడుపు ఉంది కాబట్టి చేసింది, నాకు లేదు కాబట్టి నేను చేయను, ఇందులో తప్పొప్పులేమున్నాయి?

మొన్న సోమవారం ఆ సుఖం చెడగొట్టింది అత్తమ్మ. ఆస్పత్రిలో పక్కమంచం మనిషి డిశ్చార్జై పోయి వార్డు సద్దుమణిగింది. జ్యోతిరాణి దానిమ్మ గింజలు వొలుస్తోంది. "జ్యోతీ," అంది, ఆ గొంతులో గాలి ఎక్కువ, మాట తక్కువ, "గా సుకన్యతోని కడిగియ్యకుండ్రి నన్ను." ఎందుకట్లంటవు అత్తమ్మా, ఇంటికి పోతవు అంది జ్యోతిరాణి, ఆ వార్డులో అందరూ అందరికీ చెప్పే మాట. "రబ్బరు చేతులు. మనిషిని ముట్టుకుంటున్నమో సామాన్ జరుపుతున్నమో ఎర్కనే ఉండది. నీళ్లు నువ్వు పొయ్యి. జర వీపు రుద్దు." దానిమ్మ గింజ ఒకటి చిట్లి చీర మీద పడింది. జ్యోతిరాణి ఆ మరకను చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత, "డాక్టరొస్తుండు, మాట్లాడకు, ఆయాసమొస్తది" అంది. ఏ డాక్టరూ రావడం లేదు. అత్తమ్మ కళ్లు మూసుకుని, "రోతనిపిస్తె వద్దు తియ్యి. ఊకనే అడిగిన" అంది. ఊకనే అడిగిన. సంతలో కొనని బేరం అడిగినట్టు. ఆ మాట జ్యోతిరాణి ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అడిగిన మనిషి ఇక రెండోసారి అడగదు. బోధన్‌లో పెరట్లో సుకన్య పొద్దుటినుంచీ నీళ్లు కాచి పెట్టుకుని ఉంది. బండి ఆగుతుంది, మగవాళ్లు దించుతారు, సుకన్య కడుగుతుంది, మధ్యాహ్నానికి అంతా అయిపోతుంది, జ్యోతిరాణి గుమ్మం దగ్గర నిలబడి అందరితో పాటు ఏడవవచ్చు. ఏడుపు నిజమైనదే వస్తుంది కూడా. ఇంత సులువు.

ఎడపల్లి దగ్గర రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోశారు. అడ్డంగా రాళ్లు పేర్చారు. రాజారాం హారన్ కొట్టుకుంటూ ఒక చక్రం రోడ్డు దించి నడిపాడు. బండి పక్కకు ఒరిగింది, అత్తమ్మ తల కూడా ఒరిగింది, ఈసారి టక్కుమనలేదు, మెత్తగా జారి, ముఖం పూర్తిగా జ్యోతిరాణి వైపు తిరిగింది. కట్టు కింద నోరు కొంచెం తెరుచుకుంది. నోటి మూలనుంచి ఏదో కారింది, టీ రంగులో, చిక్కగా, గడ్డం మీదుగా ఎర్ర మఖ్మల్ మీదికి. జ్యోతిరాణి లేచి జాలీ పట్టుకుని కొట్టింది.

"జర మెల్లగ నడుపుండ్రి! ఏమో కారుతుంది."

"ఏం గాదు, కింద రెక్సిన్ ఉన్నది" అన్నాడు రాజారాం, వెనక్కి చూడకుండా.

రెక్సిన్ ఉంది. అవును. ఆమెకు చప్పున తోచింది, ఈ మనిషి రోత పడడు. ఎన్నాళ్లయిందో రోత పడి. ఇంట్లో బల్లి చచ్చినా తోకపట్టి విసిరేస్తాడు, ఆ చేత్తోనే బజ్జీ తుంపుకుంటాడు. చూసి మెచ్చుకునేది తను, ఎంత గుండె ధైర్యమో అని. ఈలోగా రంజిత్ గుట్కా ఒక పక్కకు నెట్టి జాలీలోంచి ఫోన్ ఇటు తిప్పాడు.

"వదినా, ఇంటికాడ ఒక చిన్న వీడియో తీస్త. సుకన్యక్క అవ్వను లోపలికి తీస్కపోతున్నట్టు, గంతే. మన అవ్వకు గూడ మన సర్వీసే అని కింద రాస్త. పబ్లిక్‌ల ట్రస్టు పెరుగుతది."

"రేటింగ్ ఎవరిస్తరు? అవ్వనే ఇస్తదా?" అంది జ్యోతిరాణి.

"ఊకో జ్యోతీ" అన్నాడు రాజారాం.

"తప్పేమున్నది వదినా? అవ్వకైతే పానం, గీ బండంటె."

అవ్వకు ప్రాణమో కాదో, ఈ బండిలో ఒక్కనాడు ఎక్కింది లేదు. నడిచి పోయేది, బకీటు పట్టుకుని, ఎంత దూరమైనా. జ్యోతిరాణి మళ్లీ కూర్చుంది. జానెడు దూరం అలాగే ఉంది. ముఖం ఇటే తిరిగి ఉంది. కళ్లు పూర్తిగా మూసుకోలేదు, సందులో తెల్లగా, కొద్దిగా, ఏదీ చూడని తెలుపు. తుడవాలంటే మూత ఎత్తాలి. మూత ఎత్తితే ఆ వాసన. కొంగు చేతిలోకి తీసుకుంది, మూత గొళ్లెం దాకా చేయి పోయింది, అక్కడ ఆగింది, గొళ్లెం చల్లగా తడిగా ఉంది, చేయి దానంతటదే వెనక్కి వచ్చి చీరకు తుడుచుకుంది. ఛీ, అనుకుంది. ఎవరిని అన్నదో మళ్లీ తేలలేదు. టీ రంగు చుక్క గడ్డం చివర వేలాడుతూ, బండి కుదుపుకు ఊగుతూ, పడకుండా శక్కర్‌నగర్ దాకా వచ్చింది.

ఇంటి ముందు జనం. బొంగుల దుకాణం మాసూమా ఖాలా గోడవతల స్టూలు వేసుకుని తల మాత్రం కనిపించేట్టు నిలబడి ఉంది, అత్తమ్మ ఈడుదే, ముస్లింలలో ఆడవాళ్లు పోతే ఆమే స్నానం చేయిస్తుంది, ఈ ఇద్దరూ నలభై ఏళ్లుగా ఆ గోడమీదుగానే బతికారు. నలుగురు మగవాళ్లు పెట్టె తెరిచారు. వాసన బయటికి వచ్చింది, ముందు వరసలో ఉన్నవాళ్లు ఏడుపు ఆపి ముక్కులు పట్టుకున్నారు, మళ్లీ ఏడ్చారు. పెరట్లో టార్పాలిన్ పరదా, లోపల బల్ల, రెండు బకీట్లు, నీలం ఏప్రాన్లో సుకన్య. గ్లౌజులు లాగి టప్పున వదిలింది. రంజిత్ ఫోన్ ఎత్తి పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. "సుకన్యక్కా, జర నెమ్మదిగ, పరదా ఎత్తి పట్టుకో, ఆఁ, గట్ల."

"గ్లౌజులు తీసి పక్కన పెట్టు సుకన్యా" అంది జ్యోతిరాణి. ఆ గొంతు తనదేనా అని తానే చూసుకుంది. "నీళ్లు నేను పోస్త."

సుకన్య రాజారాంను చూసింది. రాజారాం పెళ్లాన్ని చూశాడు. "నీతోని గాదు జ్యోతీ. బల్లి తోక చూస్తెనే కక్కుతవ్. పాడైతది పని. సుకన్య చేస్తది, నువ్వు పక్కకుండు."

"అత్తమ్మ నన్ను పొయ్యమన్నది. సోమారం నాడు. నేను సరే అనలేదు."

"మరి సరే అననప్పుడు..."

"ఇప్పుడంటున్న. మీరందరు బయటికి పోండ్రి."

"వదినా, ఇది గూడ మంచిగనే ఉంటది" అన్నాడు రంజిత్, ఫోన్ దించకుండానే. "కోడలే స్వయంగ అని..."

రాజారాం తమ్ముడి చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. ఎందుకు లాక్కున్నాడో ఆయనకూ అప్పటికప్పుడు తెలిసినట్టు లేదు, దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, తర్వాత జేబులో వేసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా పరదా దించి వెళ్లిపోయాడు.

లోపల టార్పాలిన్ నీలం వెలుతురు. బల్ల మీద అత్తమ్మ, పక్కన తను, ఇద్దరే. మొదట గడ్డం తుడిచింది. టీ రంగు చుక్క గుడ్డకు తీగలా సాగింది. దవడ కట్టు ఊడదీసింది, నోరు తెరుచుకుంది, లోపలి నుంచి ఎన్నో రోజుల వాసన. చెంబుతో భుజం మీద పోసింది, నీళ్లు వేడిగా ఉన్నాయి, ఒళ్లు చల్లగా ఉంది, ఫ్రిజ్‌లోంచి తీసిన పిండిముద్ద లాంటి చలి, వేలితో నొక్కితే నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయింది. గట్టిగా నొక్కానేమో అని చేయి వదులు చేసింది. ప్లాస్టర్ పీకింది, చర్మం పొర దానితో పాటు వచ్చింది, వేలికి అంటుకుంది, దులిపితే పోలేదు. చంకలో, రొమ్ము కింద, ముడతల్లో ఆస్పత్రి పౌడరు గడ్డకట్టి ఉంది. అన్నీ కడిగింది. వీపు రుద్దమన్నది కదా అని కష్టపడి పక్కకు ఒత్తిగిలించింది, అప్పుడు కనిపించింది, నడుము కింద పడకపుండు, అరచేయంత, అంచులు నల్లగా, నడుమ పచ్చిగా, తడిగా. ఇన్నాళ్లూ దీని మీదే పడుకుని, దానిమ్మ గింజలు చప్పరించి, బాగున్నయి పిల్లా అంది. ఎవరూ చూడలేదు. చూడాల్సిన మనిషి తనే. జ్యోతిరాణి దాని చుట్టూ వేలితో, అసలు ముట్టీ ముట్టనట్టు, నీళ్లు జార్చింది. చాలా మెల్లగా. ఇంత మెల్లగా ఆమె ఏ చంటిపిల్లకూ పోయలేదు. పుండులోంచి కరిగి వచ్చినది బల్ల అంచు మీదుగా ఆమె పాదం మీద పడింది, గోరువెచ్చగా.

పరదా పక్కకు నెట్టి, మూల దాకా పరిగెత్తి, అక్కడున్న రాయి ఎక్కి, గోడ పట్టుకుని కక్కింది. పొద్దుటి చాయ్, నిన్నటి అన్నం, ఏమీ లేకపోయాక పైత్యం, అదీ లేకపోయాక ఒట్టి డోకులు. కళ్లలోంచి, ముక్కులోంచి, అన్నిట్లోంచి నీళ్లు కారుతున్నాయి. సిగ్గు. అందరూ విన్నారు. నీతోని గాదు అన్నాడు, కాలేదు. గోడ మీదినుంచి ఒక చెంబు కిందికి వచ్చింది, దాన్ని పట్టుకున్న ముడతల చేయి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"పుక్కిలించు బిడ్డా. పైలం, గా రాయి ఊగుతది. మీ అత్త గూడ గా రాయి మీదనే నిలబడేది."

"ఎందుకు?" అంది జ్యోతిరాణి, నోట్లో నీళ్లతో.

"కక్కెటందుకు. ఇంకెందుకు?" మాసూమా ఖాలా స్టూలు మీద కాళ్లు సర్దుకుంది. "ఎన్నడు కడిగొచ్చినా సీదా నా గోడకాడికే. ముప్పై ఎనిమిదేండ్లు నీళ్లందిచ్చిన నేను. కాల్వ మనిషినాడైతె తౌబా, రెండు దినాలు మంచం లేవలే, మీకు జరమొచ్చిందని చెప్పింది. బంజెయ్యరాదే హన్మీ, నీ పేగులు బయటికొస్తయి అంటే వినకపాయె. నాకు రోతనిపిస్తది గనుకనే పైలంగ ముడ్త మాసూమా, అనిపియ్యనోడు సంచి లెక్క ఎత్తేస్తడు, అనేది. నీకు చెప్పొద్దన్నది. పిల్లకు తెలిస్తె ఇంకింత భయపడ్తదని."

జ్యోతిరాణి గోడకు ఆనుకుని నిలబడింది. ఇనుప కడుపు. ఇరవై రెండేళ్లు. పరదా అవతల ఎవరో దగ్గారు, రంజిత్ ఫోన్ అన్న జేబులో మోగి మోగి ఆగింది, ఎవరూ ఎత్తలేదు. కడుపులో ఇంకా తిప్పుతూనే ఉంది, అది ఆగుతుందన్న నమ్మకం కూడా లేదు. మూతి కొంగుతో తుడుచుకుంది, ఆ కొంగు చూసి ఛీ అనుకుని, నడుములో దోపింది.

"ఖాలా, ఆ చెంబు నింపి గాడనే ఉంచు" అంది. "ఎడమ కాలు కడగలేదింకా. మళ్లొస్త."